ఉండకూడని బరువు.. ఊహించని వేగం: ఆ జంట కృష్ణబిలాలు ఎలా పుట్టాయి?

2023 నవంబర్ 23, రాత్రి 7.24 గంటలు. విశాఖపట్నంలో భారత్-ఆస్ట్రేలియా తొలి టీ20 మొదలై అరగంట కూడా కాలేదు. అదే క్షణంలో అంతరిక్షం నుంచి వచ్చిన ఓ గురుత్వ తరంగం భూమిని దాటి వెళ్లింది. విశాఖ స్టేడియంలోని వేల మందికి గానీ, రాయ్‌పుర్ దగ్గరి ఆరంగ్ పట్టణవాసులకు గానీ ఆ సంగతే తెలియలేదు. అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఉన్న లైగో పరికరాలు మాత్రం దాన్ని పట్టేశాయి. సంకేతం నిడివి సెకనులో దాదాపు పదో వంతు.

ఆ తరంగానికి మూలం రెండు కృష్ణబిలాల విలీనం. ఒకటి సూర్యుడికి సుమారు 137 రెట్లు, మరొకటి సుమారు 103 రెట్లు బరువైనది. కలిశాక ఏర్పడింది దాదాపు 225 రెట్లు. మిగతా ద్రవ్యరాశి గురుత్వ తరంగాల శక్తిగా మారిపోయింది. జీడబ్ల్యూ231123గా పిలిచే ఈ ఘటనను 2025 జులైలో ప్రకటించారు.

చిక్కు ఎక్కడ?

మామూలుగా భారీ నక్షత్రం ఇంధనం అయిపోయి కుప్పకూలితే కృష్ణబిలం పుడుతుంది. కానీ మరీ భారీ నక్షత్రాల కేంద్రంలో వేడి విపరీతంగా పెరిగి, కాంతి కణాలు ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారతాయి. నక్షత్రాన్ని నిలబెట్టే పీడనం పడిపోతుంది. కేంద్రం కుంచించుకుపోయి, ఆక్సిజన్ ఒక్కసారిగా మండి, నక్షత్రం మొత్తం పేలిపోతుంది. మిగిలేది ఏమీ ఉండదు. అందుకే సుమారు 60 నుంచి 130 సూర్యుల బరువు మధ్య కృష్ణబిలాలు నేరుగా నక్షత్రాల నుంచి పుట్టవని సిద్ధాంతం. ఈ జంటలో ఒకటి ఆ ఖాళీలోనే ఉంది. రెండోది దాని అంచున ఉంది.

చిన్న కృష్ణబిలాలు కలిసి పెద్దవయ్యాయని అనుకోవచ్చు. కానీ అలా పుట్టినవి సాధారణంగా గరిష్ఠ వేగంలో 70 శాతం దగ్గర తిరుగుతాయి. ఇవి సుమారు 90, 80 శాతం వేగంతో తిరుగుతున్నాయి.

అయస్కాంత క్షేత్రమే కీలకమా?

న్యూయార్క్‌లోని ఫ్లాటిరాన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఓర్ గాట్లీబ్ బృందం 2025 నవంబర్‌లో మరో దారి చూపింది. వాళ్లు కంప్యూటర్‌లో 250 సూర్యుల బరువున్న నక్షత్రంతో మొదలుపెట్టారు. ఇంధనం మండుతూ అది కూలే నాటికి 150కి తగ్గింది. అంటే పేలిపోయే గండం దాటి, నేరుగా కృష్ణబిలంగా మారే స్థాయి. మొత్తం లోపలికి పడితే అంత బరువూ మిగలాలి. కానీ నక్షత్రం వేగంగా తిరుగుతుంటే, మిగిలిన పదార్థం కృష్ణబిలం చుట్టూ చక్రంలా ఏర్పడుతుంది. అందులోని అయస్కాంత క్షేత్రాలు దాదాపు సగం పదార్థాన్ని కాంతి వేగానికి దగ్గరగా బయటికి విసిరేస్తాయి. చివరికి మిగిలే కృష్ణబిలం ‘ఉండకూడని’ ఖాళీలోకే వస్తుంది.

క్షేత్రం బలంగా ఉంటే తేలికైన, నెమ్మదైన కృష్ణబిలం. బలహీనంగా ఉంటే బరువైన, వేగవంతమైనది. బరువుకూ వేగానికీ మధ్య ఈ సంబంధం నిజమేనా అన్నది తేలాలంటే ఇలాంటి జంటలు మరిన్ని దొరకాలి. ఇలాంటి పుట్టుక వేళ గామా కిరణాల మెరుపు కూడా రావాలి కాబట్టి, దాన్నీ వెతకొచ్చు.

హింగోలి వైపు చూపు

ఈ సంకేతాన్ని రెండు పరికరాలే పట్టాయి. అందుకే అది ఆకాశంలో ఏ దిక్కు నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పడం కష్టం. దూరంగా మరో పరికరం ఉంటే ఆ లోటు తగ్గుతుంది. ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమై, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న హింగోలి జిల్లాలో 4 కిలోమీటర్ల భుజాలతో లైగో-ఇండియా రానుంది. రూ.2,600 కోట్ల ఈ ప్రాజెక్టుకు కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అది పనిచేయడం మొదలయ్యాక, ఇలాంటి తరంగం మళ్లీ వస్తే మన నేల మీద కూడా దాని జాడ నమోదవుతుంది.