చెరువు నీటికి ఊపిరి

మానవుడు పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు ఉన్నది. చేప నివసించే నీటిలో ఆ సమృద్ధి లేదు. 20 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత గల మంచినీరు గాలి నుండి గ్రహించి తనలో ఇముడ్చుకోగల ప్రాణవాయువు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నర మిల్లీగ్రాములకు తగ్గిపోతుంది. వేడిమి పెరిగి చేప శరీరానికి ప్రాణవాయువు అధికంగా కావలసిన వేళనే నీటిలో దాని నిలువ క్షీణిస్తుందన్నమాట. మన దేశం వంటి ఉష్ణదేశాలలో మత్స్య పరిశ్రమకు ఎదురయ్యే చిక్కులలో పెక్కింటికి మూలం ఇక్కడే ఉన్నది.

చెరువుకు ప్రాణవాయువు రెండు మార్గాల లభిస్తుంది. మొదటిది పైనున్న గాలి. అయితే నిశ్చలమైన నీటిలో ఈ వాయువు వ్యాపించే వేగం గాలిలో వ్యాపించే వేగంలో సుమారు పదివేలవ వంతు. గాలి వీచి అలలు రేగితే తప్ప అడుగు నీటికి అది చేరడం దుస్తరం. పూర్వం ఊరి చెరువులో పిల్లలు ఈదులాడడం వలన నీటికి ఈ మేలు కొంత జరిగేది కాబోలు! రెండవ మార్గం ఇంతకంటె ముఖ్యమైనది. నీటికి ఆకుపచ్చదనం కలిగించే సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు ఎండ సహాయంతో ఆహారం తయారు చేసుకొంటూ ప్రాణవాయువును విడుదల చేస్తాయి. మిట్టమధ్యాహ్నం దాటిన తరువాత మంచి చెరువులో ఈ వాయువు సంతృప్త స్థాయిని మించి కూడా ఉండవచ్చును.

సూర్యాస్తమయంతో ఈ ఉత్పత్తి ఆగిపోతుంది. ఆపై ఖర్చే గాని ఆదాయం లేదు. చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు, పగలంతా ప్రాణవాయువును ప్రసాదించిన ప్లవకాలు సైతం రాత్రి పొడుగునా దానినే శ్వాసిస్తాయి. చిక్కని పచ్చనీటి చెరువులో రాత్రివేళ వినియోగమయ్యే ప్రాణవాయువులో పెద్ద వాటా చేపలది కాదు, ప్లవకాలదే. ఈ సంగతి చాలమందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. కనుక నీటిలో ప్రాణవాయువు కనిష్ఠస్థాయికి దిగేది తెల్లవారుజామున. రెండు మూడు రోజులు వరుసగా మబ్బు పట్టి గాలి స్తంభించినా, దట్టంగా పెరిగిన ప్లవకాలు ఒక్కసారిగా చచ్చి కుళ్లినా, ఆ తెల్లవారుజాము ప్రమాద ఘడియ అవుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి కార్పు జాతి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే మేలు. మూడింటికి దిగితే అవి నలత చెందుతాయి, మేత మానుతాయి. ఒకటి కంటె తగ్గి ఎక్కువసేపు అట్లే ఉన్నచో బ్రతకడం కష్టం. కొరమీను, మార్పు వంటివి పైగాలిని పీల్చగలవు కనుక ఆ గండం గడిచి బయటపడతాయి. కార్పులకు ఆ సదుపాయం లేదు. అవి నీటి పైకి చేరి నోళ్లు తెరచి గుక్కలు వేస్తాయి. 'చేపలు తేలుతున్నాయి' అని రైతులు అనేది ఈ స్థితినే. పది పన్నెండు నెలల పాటు అప్పు చేసి మేత వేసి పెంచిన పంట ఒక్క ఉదయంలో చేజారవచ్చును.

కొల్లేటి పరిసరాలలోని చేపల చెరువులలో చిల్లులు పెట్టిన సంచులలో తవుడు నింపి నీటిలో వ్రేలాడగట్టే ఆచారం ఉన్నది. చేప తనకు కావలసినంత లాగుకొని తింటుంది గనుక మేత వృథా తగ్గుతుంది. తినగా మిగిలిన మేత, అవసరానికి మించి వేసిన పేడ, విసర్జనలు అడుగుకు చేరి కుళ్లుతూ ప్రాణవాయువును హరిస్తాయి. అది పూర్తిగా లేనిచోట హైడ్రోజన్ సల్ఫైడు వంటి విషవాయువులు పుడతాయి. లోతైన జలాశయాలలో ఇబ్బంది మరింత హెచ్చు. వేసవిలో పైనీరు వేడెక్కి తేలికై, చల్లని అడుగునీటిపై మూతవలె నిలుస్తుంది, రెండూ కలియవు. దాదాపు 27 మీటర్ల లోతు గల నైనిటాల్ సరస్సు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పట్టణపు మురుగు చేరి, అడుగు పొరలలో ప్రాణవాయువు నశించగా, 2007లో అక్కడ ఒడ్డునుండి గొట్టాల ద్వారా సరస్సు గర్భానికి గాలిని పంపే ఏర్పాటు చేశారు. పైకి లేచే బుడగలు తమతోపాటు అడుగు నీటిని లేవనెత్తి గాలికి చూపిస్తాయి. బుడగలో నుండి నేరుగా కరిగే వాయువు కంటె ఈ కదలిక వలన కలిగే లాభం గొప్పది.

లోతు తక్కువైన చేపల, రొయ్యల చెరువులలో ఎక్కువగా వాడేది తెడ్ల చక్రం గల ఏరేటరు. తిరిగే తెడ్లు నీటిని తుంపరలుగా ఎగజిమ్మి గాలి తగిలే ఉపరితలాన్ని పెంచుతాయి, చెరువులో ప్రవాహాన్నీ కల్పిస్తాయి. ప్రాణవాయువు బొత్తిగా లేని నీటిలో పరీక్షించినప్పుడు మంచి యంత్రం ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 2 కిలోగ్రాముల ప్రాణవాయువును ఎక్కించగలదు. నీరు సంతృప్తమయ్యే కొలదీ ఈ ఫలితం తగ్గుతూ పోతుంది. సంతృప్తిని మించిన మధ్యాహ్నపు నీటిలో అదే యంత్రం ప్రాణవాయువును బయటకు తరిమివేస్తుంది! ఇది తెలియక పగలు విద్యుత్తు ఖర్చు చేసి, అసలు అవసరమైన రాత్రి రెండవ జామునుండి ఉదయం వరకు యంత్రం ఆపివేసేవారు లేకపోలేదు. యంత్రం లేని రైతు చెరువు నీటినే పంపుతో తోడి తిరిగి తుంపరగా చల్లవచ్చును, మంచినీరు పెట్టవచ్చును, వెదురు గెడలతో ఉపరితలాన్ని కొట్టవచ్చును. అయితే ఆ ఆపత్సమయంలో అడుగు బురదను కదపరాదు. మేత, ఎరువు వెంటనే నిలిపివేయాలి.

2002లో కొల్లేటితోపాటు రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కలకత్తా చిత్తడి నేలలలో మహానగరపు మురుగునీరే చేపలకు ఆహారాన్ని సమకూరుస్తున్నది. అచ్చట 'భేరీ' అని పిలిచే లోతు తక్కువ చెరువులకు మురుగును కొలత ప్రకారం వదలి, ఎండకు ఆరనిస్తారు. ఎండ, ప్లవకాలు, సూక్ష్మజీవులు కలిసి దానిని శుద్ధి చేస్తాయి. ఇందులో కష్టమంతా ఆ కొలతలోనే ఉన్నది. ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో నీటి రంగును, వాసనను బట్టి నిర్ణయించే అనుభవం అచ్చటి జాలరులది.

నీటి పారదర్శకతను కొలిచేందుకు ఇటలీ దేశపు మతాచార్యుడు సెక్కి 1865లో ప్రవేశపెట్టిన బిళ్లను ప్రయోగశాలలు నేటికీ వాడుతున్నవి. బిళ్ల లేని రైతు మోచేతి వరకు చేతిని నీటిలో ముంచి చూడవచ్చును. అరచేయి కనుమరుగైనచో ప్లవకాలు మితిమీరినట్లు భావించి, ఆ వారానికి ఎరువు వేయడం మానుకోవాలి.