నవ్వించే బొమ్మల పుస్తకం – పసిపిల్లల తొలి బడి

మాటలు రాని పసిపాప ఎదుట తల్లి తన ముఖాన్ని కొంగుతో దాచుకొని, మరుక్షణం కొంగు తొలగించి చూపితే ఆ పాప కిలకిల నవ్వుతుంది. ఆ పాపకు అక్షరం తెలియదు, వ్యాకరణం తెలియదు. అయినను 'పోయినదనుకొన్న ముఖం మరల వచ్చినది' అన్న సంగతి మాత్రం తెలిసినది. హాస్యానికి మూలం ఇదియే. అనుకొన్నది ఒకటి, అయినది ఒకటి. ఈ రెండింటి నడుమగల తేడాను గుర్తించిన బుద్ధి మాత్రమే నవ్వగలదు. కనుక పిల్లల నవ్వు కేవలం కాలక్షేపం కాదు. అది ఆలోచనకు తొలిమెట్టు. ఈ సత్యం మీదనే నవ్వించే బొమ్మల పుస్తకాలు ఆధారపడి ఉన్నవి. వాటిని పసిపిల్లలతో కలిసి ఎందుకు చూడవలెనో, ఎట్లు చూడవలెనో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

డిగ్రీ విద్యార్థులకు పసిపిల్లల పుస్తకాలతో పని ఏమని కొందరు అనుకోవచ్చును. కాని మన పాత నగరంలో తమ్ముడో, చెల్లెలో, అక్క బిడ్డో లేని ఇల్లు అరుదు. మన విద్యార్థినులలో అనేకులు రేపు ఉపాధ్యాయినులు కాబోతున్నారు. అంతకుమించి, మనలో చాలామంది తమ కుటుంబంలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటి తరం వారు. ఇంట్లో పుస్తకం పట్టుకొన్న చేయి మీదే అయినప్పుడు, చిన్నవారికి పుస్తకం అంటే భయమో, ప్రీతియో కలుగుట మీపైననే ఆధారపడి ఉన్నది.

పిల్లల బొమ్మల పుస్తకాలకు చాలా చరిత్ర కలదు. 1658లో కొమీనియస్ అనే విద్యావేత్త బొమ్మల ద్వారా పదాలు నేర్పే పుస్తకాన్ని ప్రకటించెను. అది పాఠమే గాని పరిహాసం కాదు. 1844లో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో హాఫ్‌మన్ అనే వైద్యుడు తన మూడేళ్ళ కుమారునికి క్రిస్మస్ కానుకగా పుస్తకం కొనబోయి, నచ్చినది దొరకక, తానే బొమ్మలు గీసి, పద్యాలు వ్రాసి ఇచ్చెను. మరుసటి సంవత్సరం అచ్చయిన ఆ పుస్తకం దేశదేశాలకు ప్రాకినది. 1846లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ లియర్ అర్థంలేని పద్యాలకు వింత బొమ్మలు జోడించెను. మన దేశంలో సుకుమార్ రాయ్ స్వయంగా చిత్రాలు గీసిన 'ఆబోల్ తాబోల్' 1923లో వంగభాషలో వెలువడినది. 1957లో అమెరికాలో డాక్టర్ స్యూస్ కేవలం 236 వేర్వేరు పదాలతో టోపీ పెట్టుకొన్న పిల్లి కథను నిర్మించెను. కొద్ది మాటలతోనే పిల్లలను నవ్విస్తూ చదివించవచ్చునని దానివల్ల రుజువైనది.

తెలుగులో 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుండి 'బాల' పత్రికను ఆరంభించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల 'చందమామ' వెలువడి, 2013 వరకు సాగినది. 1950వ దశకంలో ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు' బాపుగారి గీతలతో ఆంధ్రపత్రిక వారపత్రికలో ప్రత్యక్షమై, పిల్లవాని నోటితో పెద్దలను నవ్వించినది. ఉర్దూలో ఢిల్లీ నుండి చాలాకాలం వెలువడిన 'ఖిలౌనా' మాసపత్రికను, సూఫీ తబస్సుమ్ సృష్టించిన 'టోట్ బటోట్' పాత్రను నేటికీ తలచుకొనే పెద్దలున్నారు. అయితే ఇవన్నీ చాలవరకు చదువ నేర్చిన పిల్లలకు ఉద్దేశించినవి. అక్షరం రాని మూడేళ్ళ బిడ్డ చేతికి అందే పుస్తకాలు మన భాషలలో చాలాకాలం కొరతగానే ఉండినవి. ఢిల్లీలో వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, అదే సంవత్సరం ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు ఈ కొరతను కొంత తీర్చినవి.

హైదరాబాదులో పెద్దల హాస్యానికి ఎన్నడూ లోటు లేదు. 1962లో 'జిందా దిలానే హైదరాబాద్' సంస్థ వెలసినది. 1968లో 'షగూఫా' హాస్య పత్రిక పుట్టినది. కాని పిల్లల హాస్యం పుస్తకాలలోనికి అంతగా ఎక్కక, దాదీల ఒడిలోనే మిగిలిపోయినది. షేక్ చిల్లీ తాను కూర్చున్న కొమ్మనే నరికిన కథ ఉర్దూ ఇండ్లలో తెలియని వారు లేరు. అదే కథను తెలుగు ఇండ్లలో కాళిదాసు బాల్యానికి ముడిపెట్టి చెబుతారు. ముల్లా నసీరుద్దీన్ పేరుతోనూ ఇది వినబడుతుంది. గోడకు ఇటూ అటూ ఉన్న రెండిండ్ల పిల్లలు ఒకే కొమ్మను చూచి నవ్వుతున్నారని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ కొమ్మనే బొమ్మగా ఊహించుకొనండి. మొదటి వైపున కూర్చున్న మనిషి, చేతిలో గొడ్డలి. గొడ్డలి తనకూ చెట్టుకూ మధ్యన పడుతున్నది. రాబోయే ప్రమాదం ఆ మనిషికి తెలియదు, చూచే బిడ్డకు తెలుసు. పుట త్రిప్పక ముందే బిడ్డ "పడిపోతాడు!" అని అరుస్తుంది. బొమ్మల హాస్యంలోని కీలకం ఇదే. ఇంట్లో, వీధిలో అందరికంటే తక్కువ తెలిసిన వ్యక్తి పసిపిల్లయే. ఈ ఒక్క చోట మాత్రం ఆమెకు కథలోని పెద్దమనిషికంటె ఎక్కువ తెలుసు. ఆ విజయం ఆమెను నవ్విస్తుంది.

ఇంగ్లండు రచయిత్రి పాట్ హచిన్స్ 1968లో ప్రకటించిన 'రోజీస్ వాక్' ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక కోడి షికారుకు వెళ్ళి వచ్చినదని 32 మాటల ఒకే వాక్యం చెబుతుంది. ఆ కోడి వెంట ఒక నక్క పొంచి వస్తూ, అడుగడుగునా దెబ్బ తింటున్నదని బొమ్మలు చెబుతవి. మాటలలో నక్క ఊసే లేదు. చదివే పెద్దలు నక్కను గురించి పలుకరు; చూచే బిడ్డ ఊరుకొనలేక తానే చెబుతుంది. మాట చెప్పనిదానిని బొమ్మ చెప్పుట, బొమ్మ చెప్పినదానిని బిడ్డ మాటగా మార్చుట – భాషాభ్యాసానికి ఇంతకంటె మంచి పాఠం ఏమున్నది?

ఏ వయసుకు ఏ హాస్యమన్నది కూడా గమనింపదగినది. పిల్లల హాస్యాన్ని పరిశీలించి 1979లో గ్రంథం వెలువరించిన పాల్ మెగీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దానిని దశలుగా విభజించెను. రెండవ ఏట వస్తువును తప్పుగా వాడుట నవ్వు పుట్టిస్తుంది; చెప్పును చెవికి ఆనించి 'హలో' అన్నట్లు. కొంత మాట వచ్చిన తరువాత పిల్లిని కుక్క అని పిలుచుట నవ్విస్తుంది. మూడేళ్ళు దాటగా, చెట్టెక్కిన ఆవు, చీర కట్టిన ఏనుగు వంటి వింతలు రుచిస్తవి. ఒకే మాటకు రెండర్థాలున్న చమత్కారం ఏడేళ్ళ ప్రాంతంలో గాని అందదు. కనుక మూడేళ్ళ బిడ్డకు తెనాలి రామకృష్ణుని శ్లేష వినిపించి, నవ్వలేదని విసుగుకొనుట పెద్దల పొరపాటే.

ఇక కలిసి చూచే పద్ధతి. బిడ్డను ఒడిలోనో, ప్రక్కనో కూర్చుండబెట్టి, పుస్తకాన్ని ఆమె చేతికే ఇవ్వవలెను. పుట త్రిప్పే అధికారం ఆమెదే. గబగబ చదివి ముగించకుండ, "ఇక్కడ ఏమవుతున్నది? తరువాత ఏమి జరుగును?" అని అడిగి, జవాబు కొరకు కొంత ఆగవలెను. బిడ్డ 'కోతి' అంటే మనం 'అవును, టోపీ దొంగిలించిన కోతి' అని ఒక మాట చేర్చి అందించవలెను. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ఈ పద్ధతిని రెండేళ్ళ ప్రాయపు పిల్లల తల్లిదండ్రులకు నేర్పి చూచిరి. ఒక్క నెలలోనే ఆ పిల్లల మాట తీరు తక్కిన వారికంటె మెరుగుపడినది. ఒకే పుస్తకాన్ని నూరుసార్లు అడిగినా విసుగుకొనరాదు. ముందే తెలిసిన నవ్వు కొరకు ఎదురుచూచుట కూడా ఒక ఆనందమే.

ఇచ్చట మా ఇంట జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. నా నాలుగేళ్ళ కుమార్తెకు ఒక తెలుగు బొమ్మల పుస్తకం తెచ్చితిని. ఒక ఏనుగు చిన్న కుర్చీలో కూర్చొనబోతుంది. చివరకు కుర్చీ విరుగుతుంది. నేను లేని సమయంలో బిడ్డ దానిని మా అమ్మ చేతికిచ్చినది. ఆమె ఉర్దూ, ఖురాను తప్ప మరొక లిపి ఎరుగదు. అలవాటు కొద్దీ కుడివైపు నుండి తెరచినది. ఆమెకు మొదటి పుట అనిపించినది నిజానికి చివరి పుట. "దాదీ, ఉల్టా!" అని బిడ్డ పకపక నవ్వినది. నేను గుమ్మం దాటి లోనికి వచ్చేసరికి అమ్మ ముఖం చిన్నబోయినది. పుస్తకం మూసి ప్రక్కన పెట్టబోతున్నది. నాకు ఏమనుటకూ తోచలేదు. ఇంతలో ఆమెయే మరల బొమ్మవైపు చూచి, "టూటీ సో కుర్సీ జుడ్ గయీ, దేఖో!" అన్నది. వెనుక నుండి చూస్తే విరిగిన కుర్చీ అతుకుకొన్నది, ఏనుగు లేచి నిలబడినది! బిడ్డ మరింత నవ్వినది. ఈసారి దాదీని చూచి కాదు, దాదీతో కలిసి.

నాటి నుండి ఆ పుస్తకం మా ఇంట రెండు వైపుల నుండి చదువబడుతున్నది. ఎడమ నుండి తెలుగు, కుడి నుండి దక్కనీ. రెండు లిపులు రెండు దిక్కులకు నడుస్తవని నాలుగేళ్ళ బిడ్డకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసినది. 'నాకు చదువు రాదు, పిల్లకు నేనేమి చెప్పగలను' అని వెనుకకు తగ్గే తల్లులు, అవ్వలు మన గల్లీలలో ఎందరో కలరు. బొమ్మకు లిపి లేదు. ఆమె భాషలో ఆమె చెప్పిన కథ కూడా చదువే.

'చూచి నవ్వుట', 'కలిసి నవ్వుట' అన్న భేదాన్ని నేను చిన్ననాడే అనుభవించితిని. మా ఇంటి భాషలో 'ళ' కారం లేదు. తెలుగు తరగతిలో ఒకనాడు కళ్ళు నొప్పిగా ఉన్నవని చెప్పబోయి, 'కల్లు నొప్పి' అంటిని. తరగతి అంతా ఘొల్లుమన్నది; ఉపాధ్యాయులు కూడా నవ్వి, 'కల్లు' అన్న మాటను నాచేత మరి రెండుసార్లు పలికించిరి. ఆ సంవత్సరమంతా తెలుగు పీరియడులో నేను నోరు విప్పలేదు. అదే తప్పును ఒక పుస్తకంలో బొమ్మ పిల్లవాడు చేసి ఉంటే, అందరితోపాటు నేనూ నవ్వి, ఆ అక్షరాన్ని అక్కడే నేర్చుకొని ఉండేవాడిని. మంచి హాస్య పుస్తకం తప్పును పాత్ర మీద వేసి, బిడ్డ మర్యాదను కాపాడుతుంది. ఒకరి రంగును, భాషను, వికలాంగతను ఎగతాళి చేసే పుస్తకం ఎంత అందంగా అచ్చయినను పసిచేతికి ఈయదగినది కాదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకును? ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల మధ్య వెదకవచ్చును. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' సంస్థ తెలుగులోనూ, తెలుగు-ఇంగ్లీషు రెండు భాషలలోనూ పిల్లల పుస్తకాలను అచ్చువేస్తున్నది. 2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ వారు 2015లో ఆరంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు, ఉర్దూ కథలను ఫోనులోనే ఉచితంగా చూడవచ్చును. అయితే ఫోను మీద వ్రేలాడించుటకంటె, నాలుగు తెల్లకాగితాలు మడచి, దారంతో కుట్టి, దాదీ చెప్పిన షేక్ చిల్లీ కథకు మీరే బొమ్మలు గీయుట మేలు. హాఫ్‌మన్ వైద్యుడు చేసినది అదే కదా! బొమ్మ వంకరగా వస్తే మరీ మంచిది. బిడ్డ ఇంకా ఎక్కువ నవ్వుతుంది.

చివరగా కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఒక్క అరను పసిపిల్లల బొమ్మల పుస్తకాలకు కేటాయించి, విద్యార్థులు వాటిని వారం పాటు ఇంటికి కొనిపోయే వీలు కల్పించవలెనని కోరుతున్నాను. వ్యయం స్వల్పం. ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి, కుట్టుదారంతో తయారుచేసిన రెండు వైపుల పుస్తకాలను కూడా ఆ అరలో చేర్చవచ్చును. ప్రియ విద్యార్థులారా! ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళిన తరువాత, ఒక చిన్నారిని పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్క బొమ్మ చూపండి. "తరువాత ఏమవుతుంది?" అని అడిగి, ఓపికతో ఆగండి.