డ్రైవర్లలో తాళాలు: ఏది ఉంచాలి, ఏది తీయాలి

విశాఖ ఇన్నర్ హార్బర్‌కు వెళ్లే ఇరుకు కాలువలో ఓడలకు వరస తప్పదు. అదే వరసను రేవులోని ప్రతి క్రేన్‌కూ పెడితే పని ఆగిపోతుంది. 1996 నాటి లినక్స్ 2.0లోని ‘బిగ్ కెర్నెల్ లాక్’ అలాంటిదే. ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా, కెర్నెల్ పనిలోకి ఒక్కదాన్నే అనుమతించేది.

తాళమే లేకపోతే? డ్రైవర్‌లో లెక్క 5 ఉందనుకోండి. రెండు ప్రాసెసర్లు ఒకేసారి 5ను చదివి, ఒకటి కలిపి, రెండూ 6 అనే రాస్తాయి. రావలసింది 7. ఇదే రేస్ కండిషన్. వెయ్యిసార్లు బాగా నడిచి, ఒకసారి తప్పుతుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

2008లో ‘ఓపెన్’ పిలుపుపై ఉన్న ఆ పెద్ద తాళాన్ని ఒక్కో డ్రైవర్‌లోకి దించారు. తర్వాత ఒక్కొక్కటీ పరిశీలించి, అవసరం లేనిచోట తీసేశారు. 2011లో 2.6.39తో అది పూర్తిగా పోయింది.

మీరూ అలాగే చేయండి. ఈ తాళం ఏ దత్తాంశాన్ని కాపాడుతోంది? లోపల లోకల్ వేరియబుళ్లు మాత్రమే ఉంటే తీసేయండి. భయంతో చేర్చిన తాళాలు జవాబుపత్రాల్లో చాలా చూశాను! ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే లెక్కను మారుస్తుంటే మాత్రం స్పిన్‌లాక్ ఉండాలి. మామూలు కోడ్ దాన్ని పట్టుకున్నంతసేపూ ఆ ప్రాసెసర్‌పై ఇంటరప్టులను ఆపాలి. ఆపకపోతే, తాళం పట్టుకున్న కోడ్‌ను మధ్యలో నిలిపి వచ్చిన హ్యాండ్లర్ అదే తాళం కోసం ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.