రోడ్డు పక్కన నిలబడ్డవాడి లెక్క

జలంత్రకోట జంక్షన్‌లో ఆటో కోసం నిలబడితే లారీలు మన చొక్కా ఎగిరేంత దగ్గరగా పోతాయి. కోల్‌కతా–చెన్నై హైవే కదా! మనం మాత్రం ఫోన్ చూసుకుంటూ నిలబడతాం. పలాస వైపు ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట వినగానే మా నాన్నమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "నెత్తి మీద పడిపోతే ఏటౌతాదిరా?"

ఆవిడ భయం ఉత్తిది కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలింది. విమానంలోని 241 మందితో పాటు నేల మీదున్న 19 మంది చనిపోయారు. ఆ 19 మందీ టికెట్ కొన్నవాళ్లు కాదు.

ఇప్పుడు రోడ్డు సంగతి చూద్దాం. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. అంటే రోజుకి సుమారు 90 మంది. అహ్మదాబాద్‌లో నేల మీద పోయినంత మంది, మన రోడ్ల మీద ప్రతి ఐదు గంటలకూ పోయారన్నమాట.

"వాహనాలు కోట్లలో ఉన్నాయి, విమానాలు కొన్నే. కిలోమీటరుకి ఎంతమందో చూడాలి కదా?" అనొచ్చు. ఏ యంత్రం నయమో తేల్చాలంటే అలాగే చూడాలి. కానీ రోడ్డు దాటే మనిషికి పనికొచ్చేది మొత్తం లెక్కే.

ఇంత తేడా ఎందుకంటే, విమానం నేలకి దగ్గరగా ఉండేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. రన్‌వే చుట్టూ కంచె ఉంటుంది. అందుకే కింద ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువగా రన్‌వే చివర్ల దగ్గరే. బండి అలా కాదు, బయల్దేరిన దగ్గర్నుంచి ఆగేదాకా మనుషుల మధ్యే తిరుగుతుంది. పైగా వేగం 40 నుంచి 80 అయితే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఇది మనం ఇంటర్‌లో చదివిన సూత్రమే. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ కాపాడేది లోపలివాణ్ని. బయటివాడి ప్రాణం నడిపేవాడి వేగం మీదే ఆధారపడి ఉంటుంది.

"ఏది సేఫ్?" అని అడిగినప్పుడల్లా మనం ప్రయాణికుడి గురించే ఆలోచిస్తాం. జంక్షన్‌లో నిలబడ్డవాణ్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నాన్నమ్మకి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే నువ్వు బండి మెల్లగా తోలు" అంది.