నీటిపై తేలే ఇటుక, నేలలో ఇసుక

కాకతీయుల గుళ్లను ఒక్కరోజులో చూసి రావాలనుకునే యాత్రికుల బృందాలకు దారి దాదాపు ఒకటే. పొద్దున్నే హనుమకొండ వేయిస్తంభాల గుడి, తర్వాత వరంగల్ కోట, మధ్యాహ్నానికి ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. అక్కడ బస్సు దిగగానే గైడ్‌ను చాలామంది అడిగేది ఒకటే: "నీళ్లలో తేలే ఇటుకలు ఇక్కడివేనా?"

అవును, ఇక్కడివే. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ శివాలయ విమానానికి వాడినవి ఆ ఇటుకలే. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇటుక తేలడంలో మహిమేమీ లేదు. ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు 1 గ్రాము. అంతకంటే తక్కువ సాంద్రత ఉన్నదేదైనా తేలుతుంది. మామూలు ఇటుక సాంద్రత దీనికి ఒకటిన్నర రెట్ల పైనే. బంకమట్టిలో ఊక వంటిది కలిపి కాలిస్తే అది మండిపోయి, ఆ చోట సన్నటి గాలి గదులు మిగులుతాయి. ఇటుక తేలికవుతుంది. శిల్పులకు కావలసింది తేలడం కాదు, ఈ తేలికదనం. భూమి కంపించినప్పుడు కట్టడంపై పడే బలం దాని బరువును బట్టి ఉంటుంది. పైభాగం తేలికైతే కింది స్తంభాలపై ఒత్తిడి తగ్గుతుంది.

రెండో ఉపాయం కంటికి కనిపించదు. గోతిలో ఇసుక నింపి, దట్టించి, దానిపై గుడి కట్టారు. నిండుగా కుట్టిన బియ్యం బస్తాపై మనిషి నిలబడగలడు. గింజలు పక్కకు జరగలేక బరువును పంచుకుంటాయి. గుడి కింద ఇసుకా అంతే. పైనుంచి వచ్చే భారాన్ని నలుదిక్కులకూ పంచుతుంది, కంపనాల తీవ్రతను కొంత తగ్గిస్తుంది.

కానీ బస్తాకు చిల్లు పడితే? బియ్యం జారిపోయి బస్తా కుంగుతుంది. పొద్దున చూసిన రెండు చోట్లను ఇప్పుడు గుర్తు చేసుకోవాలి. కోటలో కీర్తితోరణాల నడుమ పడి ఉన్న శిథిలాలకు కారణం యుద్ధం. వేయిస్తంభాల గుడి కల్యాణమండపానికి ముప్పు వచ్చింది మాత్రం నేలలోంచే. పునాది బలహీనపడటంతో పురావస్తు శాఖ ఆ మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాది నుంచి మళ్లీ కట్టాల్సి వచ్చింది. అది తిరిగి తెరుచుకున్నది 2024 మార్చిలో, పదిహేనేళ్లకు పైగా గడిచాక.

అందుకే ఇలాంటి గుడికి రక్షణ ప్రహరీ గోడతో ఆగిపోదు. చుట్టూ వాననీరు ఎటు పోతోంది, ఎక్కడ తవ్వుతున్నారు, ఏ పేలుళ్ల అదురు నేలలోంచి వస్తోంది అన్నవీ చూడాలి. ఇసుక తన గోతిలో కదలకుండా ఉన్నంతకాలమే పైన రాయి నిలుస్తుంది.

సాయంత్రం బస్సెక్కే ముందు యాత్రికులు మరోసారి గోపురం వైపు తిరిగి దండం పెడతారు. ఎనిమిది వందల ఏళ్లుగా దాన్ని మోస్తున్న ఇసుక వాళ్ల కాళ్ల కిందే ఉంది.