అంబాసిడర్ కిటికీకి మోటారు అమర్చే ముందు

ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినా, ఆ కారును ప్రాణప్రదంగా చూసుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. చేతితో తిప్పే హ్యాండిల్‌కు బదులు పవర్ విండో కోరుకునేవారికి మేము చెప్పదలచినది ఒక్కటే: చేతికి తెలిసే బిగువు మోటారుకు తెలియదు.

అద్దం గాడిలో పట్టేస్తే చెయ్యి ఆగుతుంది. మోటారు అధిక విద్యుత్తును లాగుతూ వేడెక్కుతుంది. కనుక ముందుగా ఎండిపోయిన రబ్బరు, ఫెల్టు మార్చి, అద్దం సులువుగా కదిలేట్లు చేయాలి. పాత వైరింగుపై భారం మోపక, బ్యాటరీ చెంతనే ఫ్యూజు అమర్చి, రిలే ద్వారా వేరే తీగ వేయాలి. ఫ్యూజు ఆ తీగ సామర్థ్యాన్ని మించరాదు. తలుపు కీళ్ల వద్ద తీగకు రబ్బరు తొడుగు తప్పనిసరి.

అడ్డు తగిలితే ఆగే ఏర్పాటు చాలా కిట్లలో ఉండదు. పసిపిల్లల వేళ్లు నలిగే ప్రమాదముంది. అందుచేత స్విచ్‌లకు విద్యుత్తు తాళంచెవి తిప్పినప్పుడే అందాలి. కారు దిగేటప్పుడు ఆ తాళంచెవి పెద్దల చేతిలోనే ఉండాలి.