అడవి పందుల బెడద: ఖరీదైన రైఫిల్‌తో తీరుతుందా?

మక్క కంకి పాలు పోసుకునే టైం వచ్చిందంటే అనంతగిరి అడవి అంచు ఊళ్లల్లో రైతుకు నిద్ర ఉండదు. తాండూరు దిక్కు, 2022లో జీఐ గుర్తింపు వచ్చిన కంది చేన్లనూ పందులు వదలవు. "అన్నా, మంచి రైఫిల్ ఉంటే దూరం నుంచే కొట్టొచ్చు కదా?" అని తమ్ముళ్లు అడుగుతున్నరు. అమెరికా వీడియోలు చూస్తే వచ్చే ప్రశ్న ఇది.

అక్కడి లెక్క వేరు

అమెరికా పచ్చిక మైదానాల్లో ప్రెయిరీ డాగ్ అనే ఉడుత జాతి జంతువు ఉంటది. నిలబడితే మూరెడు కూడా ఉండదు. దాన్ని 300 మీటర్ల అవతల నుంచి, పట్టపగలు కొడతారు. గురి 100 మీటర్లకు 3 సెంటీమీటర్లు చెదిరితే 300 మీటర్లకు 9 అవుతుంది. అంత చిన్న జంతువుకు అది ఎక్కువే. అందుకే బ్యారెల్ విడిగా చేయించి, బోల్టు సరిచేసి, తూటాలు చేత్తో తూచి నింపుకుంటారు. అదే కస్టమ్ రైఫిల్. ఇప్పుడు కొన్ని కంపెనీల ఫ్యాక్టరీ రైఫిళ్లే 100 గజాలకు అంగుళం లోపు గురికి గ్యారంటీ ఇస్తున్నాయి.

మన చేను లెక్క

మన దగ్గర పంది వచ్చేది రాత్రి. నిలువెత్తు పైరులో 50, 60 మీటర్ల అవతల కనపడితే గొప్ప. 100 మీటర్లకు 9 సెంటీమీటర్లు చెదిరే పాత రైఫిల్ కూడా 60 మీటర్లకు ఐదున్నర లోపే చెదురుతుంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 బోర్ రైఫిల్ లాంటిదే ఆ దూరానికి చాలు. ఇక్కడ అసలు సమస్య గురి కాదు, తూటా ఎక్కడ ఆగుతుందన్నది. తప్పిన తూటా కిలోమీటర్లు పోతుంది. పక్క చేన్లో మంచె మీద ఇంకో రైతు కావలి ఉంటడు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. పంట నష్టం ఉంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి. తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు రాదు. లైసెన్స్ లేకుండా తుపాకీ తయారుచేసినా, మార్చినా 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి పంట నష్టాన్ని ఫొటోలతో సహా అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోండి.

కరెంటు వైరు మాత్రం వద్దు

చేను చుట్టూ కరెంటు వైరు పెడితే పంది కంటే ముందు నీళ్లు పెట్టబోయిన మన మనిషే పోవచ్చు. సోలార్ కంచె వేరు. అది చిన్న షాక్ ఇచ్చి తరుముతుంది, చంపదు.

మన పద్ధతిలో అయితే వానాకాలం గట్ల వెంట ఆముదం, యాసంగిలో వేరుశనగ చుట్టూ కుసుమ చిక్కగా వేయండి. ఆముదం వాసన పందికి పడదు, కుసుమ ముళ్లు మూతికి గుచ్చుకుంటాయి. ఊరంతా కలిసి వేస్తేనే ఫలితం. ఒక్కరే వేస్తే పంది పక్క చేన్లోకి పోతుంది, అంతే.

గట్టు పంట వేసే పద్ధతి పూర్తిగా కింది వీడియోలో చూడండి.